గుండె లేని చిరుతపులులు

రాజపాళయంలో నేను పశువైద్యుడిగా పనిచేసిన రోజుల్లో నా దగ్గరికి గుండె లేని చిరుతపులులే వచ్చేవి.

ఈ మాట అంటే ఇప్పటి కుర్ర డాక్టర్లు నవ్వుతారు. నవ్వడం తప్పు కాదు, అప్పట్లో నేనూ నవ్వేవాణ్ణి. కోపం వచ్చాక నవ్వడం మానేశాను. ఆ కోపం ఎలా పోయిందో చెప్పడానికే ఇది రాస్తున్నాను.

ఊరికి పడమటగా కొండలు. కొండల కింద మామిడి తోపులు. ఎండలు ముదిరి అడవిలో నీళ్ళు తగ్గితే చిరుతలు తోపుల్లోకి దిగేవి. మేకను, దూడను, ఒక్కోసారి కాపలా కుక్కను కూడా ఎత్తుకుపోయేవి. తరాల కిందట తెలుగునాడు నుంచి వచ్చి స్థిరపడిన రాజుల ఇళ్ళవాళ్ళు, తుపాకులున్నవాళ్ళు, వేటకుక్కలను తోడు తీసుకుని వెళ్ళి కొట్టేవారు. చచ్చిన చిరుతను బండి మీద వేసుకుని డప్పులతో ఊళ్ళోకి తెచ్చేవారు. చర్మం ఒకరికి, గోళ్ళు పిల్లల మెడలకు, కొవ్వు ముసలివాళ్ళ మోకాళ్ళకు పోయేవి. గుండె మాత్రం కుక్కది. ఏ కుక్క ముందుగా చిరుతను నిలవేసిందో దానికి, అక్కడికక్కడే రొమ్ము చీల్చి, వేడి ఆరకముందే గుండె తీసి పెట్టాలి. అలా పెడితే ఆ కుక్కకు మరుసటి వేటలో భయం ఉండదని వాళ్ళ నమ్మకం. ఆ పంపకాలన్నీ అయ్యాక మిగిలిన కళేబరం, నేను ముందే బతిమాలి ఉంటే, మా ఆసుపత్రి వెనక్కి వచ్చేది.

నాకు కావలసింది గుండె కాదు. గుండె పైనుంచి బయలుదేరే పెద్ద ధమని, దాని వంపు, ఆ వంపు మీద మొలిచే కొమ్మలు. వేటగాడి కత్తి సరిగ్గా అక్కడే పడేది.

ఈ పిచ్చి నాకు అంటించింది మదరాసు కాలేజీలో మా గురువు. "పుస్తకంలో ఒకే బొమ్మ ఉంటుంది. నీ చెయ్యి లోపలికి వెళ్ళేదాకా దాన్ని నమ్మకు" అనేవారు. అడవిలో మాంసం తిని బతికే జంతువుల్లో ఈ పెద్ద ధమనులు ఎక్కడెక్కడ ఎలా చీలతాయో చూడటం ఆయనకు జీవితకాలపు పని. నేను రాజపాళయం వచ్చాక దొరికిన నక్కను, అడవిపిల్లిని, పునుగుపిల్లిని కోసి చూశాను. ఒకదానిలో మెడకు పోయే రెండు ధమనులూ ఒకే మొదలు నుంచి చీలేవి. అదే జాతిలో మరొకదానిలో దేనికదే విడిగా మొలిచేది. ఒకే చెరువు, ఒకే తూము, కానీ పిల్లకాలువ గండి మాత్రం ఒక్కో రైతు ఒక్కోచోట కొట్టుకున్నట్టు. రెండు జంతువులకు పైకి ఒకే చర్మం ఉన్నంత మాత్రాన లోపల ఒకే దారి ఉండనక్కరలేదని నాకు అప్పుడే తెలిసింది.

కత్తి పడని చిరుత దొరికితే చూడమని గురువుగారు పెద్ద గాజు జాడీ పంపారు. రొమ్ములోని భాగాన్ని అందులో, కుళ్ళకుండా ఉంచే మందు నీళ్ళలో పెట్టి పంపాలి. జాడీ ఖాళీగా బల్ల కింద పడి ఉండేది. మా ఆవిడ దాన్ని చూసినప్పుడల్లా, "పులి దొరికేదాకా ఊరగాయకైనా ఇయ్యరాదా?" అనేది.

వేటకుక్కలను చూసుకునే పెద్దాయన ఒకాయన ఉండేవాడు. ఊళ్ళో పెద్ద తోపులున్న ఒక రాజుగారి ఇంట్లో ఆయన పని. చిరుత గుండె తీసేది ఎక్కువగా ఆయన చెయ్యే. నేను ఆయన్ను ఎన్నిసార్లు బతిమాలానో లెక్కలేదు.

"గుండెను ముట్టుకోకుండా నా దగ్గరికి తీసుకురా. నేను చూసి, వెంటనే నీకిస్తాను" అన్నాను ఒకసారి.

"మీరు చూసేదానికి పొద్దు గూకుతుంది సామీ" అన్నాడు. "చల్లారిన గుండె తింటే కుక్క పిరికిదైపోతుంది. రేపు అది పందిని చూసి పారిపోతే, ఆ పందిని పట్టేదానికి మీరు వస్తారా?"

చుట్టూ ఉన్నవాళ్ళు పగలబడి నవ్వారు. నేను సైకిలెక్కి వచ్చేశాను.

రెండో ప్రపంచ యుద్ధం మొదలవడానికి ముందు, ఒక ఎండాకాలం, ఆ రాజుగారే తన తోపులో దూడను చంపిన చిరుతను కొట్టారు. దగ్గరికి వెళ్ళి చూస్తే అది పాలిచ్చే తల్లి. రాళ్ళ సందులో రెండు పిల్లలు దొరికాయి, ఒక ఆడది, ఒక మగది. బుట్టలో పెట్టుకుని ఇంటికి తెచ్చారు.

ఇంట్లో తెల్ల వేటకుక్క అప్పుడే ఈని ఉంది. మా వైపు వేటకుక్క ఈనితే పిల్లలన్నింటినీ ఉంచరు. మంచివి ఒకటో రెండో ఉంచి తక్కినవి తీసేస్తారు. తల్లి పాలన్నీ వాటికే దక్కి బలంగా పెరుగుతాయని. ఆ ఆనవాయితీ ప్రకారం దానికి రెండు పిల్లలు మిగిలి ఉన్నాయి. రాజుగారు ఉత్సాహంలో వాటినీ తీసేయించి చిరుతపిల్లలను దాని దగ్గర వేశారు. మొదట అది గుర్రుమంది. కుక్కల పెద్దాయన దాని పాలే పిండి చిరుతపిల్లల వీపులకు పూశాడు. వాసన చూసి, నాకి, పడుకుంది. చూడటానికి పక్క ఊళ్ళు సత్రపట్టి, చోళపురం నుంచి కూడా బండ్లు కట్టుకుని వచ్చారు.

ఈ వేడుక నచ్చనిది ఆ ఇంట్లో ఒక్కరికే, రాజుగారి తల్లికి. ఊరంతా ఆమెను పెద్దమ్మ అనేవారు. "ఒక తల్లిని చంపినారు, ఇంకొక తల్లి పిలకాయల్ని పారేసినారు. ఇప్పుడు తేరు చూసినట్టు చూస్తా ఉండారు" అని వచ్చినవాళ్ళ ఎదుటే అనేసేది. అలా అంటూనే ఆ పిల్లలను ఎండ తగలకుండా లోపలికి లాగింది ఆమే. మగపిల్లకు చిన్నోడని పేరు పెట్టిందీ ఆమే.

పాలు మాన్పించి మాంసం పెట్టే వయసు వచ్చింది. ఆడపిల్ల తిని కండపట్టింది. చిన్నోడూ ఆత్రంగానే తినేవాడు. కొంచెంసేపటికి తల వంచేవాడు. తిన్న మాంసం ఏ మార్పూ లేకుండా, కుడుములా గుండ్రంగా జారి బయటపడేది. దాన్నే మళ్ళీ తినేవాడు, మళ్ళీ కక్కేవాడు. పాలు మాత్రం నిలిచేవి. చూస్తుండగానే పక్కటెముకలు తేలాయి.

ఊరు ఊరుకుంటుందా? కుక్కపాలు పులికి ఒప్పలేదన్నారు కొందరు. ఆ తెల్లదాని పాలే చెడ్డవన్నారు మరికొందరు. రాజుగారికి ఈ రెండో మాట గుచ్చుకుంది. ఆయన కుక్కల సంతతి కోసం దూరపు జమీందార్లు మనుషులను పంపేవారు. పాలు చెడ్డవన్న మాట పాకితే ఆ వంశానికే మచ్చ. తెల్లదాన్ని వదిలించుకుంటే పోతుందా అని ఆలోచనలో పడ్డారు. పెద్దమ్మ ఆలోచన వేరు. పిల్లలను పోగొట్టుకున్న తెల్లదాని ఉసురే చిన్నోడికి తగిలిందని ఆమె నమ్మింది. అలా చిన్నోడి ప్రాణంతో పాటు తెల్లదాని ప్రాణం కూడా నా జవాబు మీద పడింది. నన్ను పిలిపించారు.

నేను చిన్నోడికి ముందు పాలు పోసి చూశాను, తర్వాత చిన్న మాంసం ముక్క పెట్టి మెడ కింద వేళ్ళు ఆనించి చూశాను. ముక్క మెడ దిగి రొమ్ము మొదట్లో ఆగింది. ఇలాంటిదే ఒక కుక్కపిల్ల శవంలో గురువుగారు మాకు చూపించారు. గుండె నుంచి వచ్చే పెద్ద ధమని ఎడమకు వంగాల్సింది కుడికి వంగి, తిండిగొట్టాన్ని చుట్టి బిగించేస్తుంది.

రాజుగారికి బావి నీళ్ళు తోడే మోట, దాని తోలు తొండం బాగా తెలుసు. "రాజా, మోట తొండానికి తాడు అడ్డంగా బిగిసింది అనుకోండి. నీళ్ళు సన్నంగా దిగతాయి, ఆకూ అలమూ అడ్డం పడతాయి. దీని రొమ్ములో అట్లా ఒక తాడు పడి ఉండాది. పాలు దిగతా ఉండాయి, మాంసం దిగడం లేదు" అన్నాను.

"ఆ తాడు కోసేస్తే?"

"అది రక్తం పోయే గొట్టం. కోసేదానికి నాకు చేతకాదు. ఎవరికీ చేతకాదు."

ఆయన కొంతసేపు మీసం దువ్వుకున్నారు. "అయితే బతకదు. శరి, పావం, దాన్ని ఏడిపించేది ఎందుకు? ఒక గుండు చాలు. డాక్టరే, మీరు ఇన్నాళ్ళు అడగతా ఉంటిరే, ఈసారి ఎవురూ కత్తి పెట్టరు. ఉన్నది ఉన్నట్టు మీకే ఇస్తాను."

బల్ల కింద ఉన్న జాడీ నా కళ్ళ ముందు మెదిలింది. నేను వెంటనే బదులు చెప్పలేదు. ఆ ఆలస్యం ఎంతసేపో చెప్పలేను గాని, గడపలో నిలబడిన పెద్దమ్మ గమనించేంత ఉంది.

"ఏం నాయనా, ఆలోచన చేస్తా ఉండావు?" అంది. "నిన్ను వైద్యానికి పిలిచినామా, కోతకు పిలిచినామా?"

"వైద్యానికే పెద్దమ్మా" అన్నాను. అన్నాక వైద్యం ఏమిటని వెతుక్కున్నాను. తాడు విప్పలేనప్పుడు తొండాన్ని నిలువుగా పట్టుకోవడం ఒక్కటే దారి. మాంసాన్ని మెత్తగా నూరి, పాలలోనో చారులోనో గంజిలా కలపమన్నాను. నేలమీద పెట్టకుండా, ముందుకాళ్ళు తిన్నె మీద పెట్టించి, నిలబెట్టి తినిపించమన్నాను. తిన్నాక కూడా కాసేపు అలాగే నిలువుగా పట్టుకోమన్నాను.

రాజుగారు తుపాకీ మాట మరిచి నవ్వారు. "చంటిబిడ్డకు మాదిరి భుజాన వేసుకుని చిరుతపులికి తేన్పు రప్పిచ్చాలనా?"

"వస్తే మంచిదే రాజా" అన్నాను.

చిన్నోడు బతికాడు. పెద్దమ్మ గంజి పట్టేది, కుక్కల పెద్దాయన వెనక నుంచి చంకల కింద చేతులు వేసి నిలబెట్టేవాడు. చిరుతను పొడిచే చేతులతో చిరుతకు ముద్ద పెట్టించాల్సి వచ్చిందని కొన్నాళ్ళు గొణిగాడు. కొన్నాళ్ళకు గొణుగుడు ఆగింది. ఇంకొన్నాళ్ళకు చిన్నోడే పాత్ర చప్పుడు వినగానే వెళ్ళి ముందుకాళ్ళు తిన్నె మీద పెట్టి నిలబడేవాడు. "పెండ్లిపంతిలో చోటు దొరకనోడి మాదిరి నిలబడి తింటా ఉండాడు చూడు" అని చూడవచ్చినవాళ్ళు నవ్వేవారు. చెల్లెలు పెరిగి దూరపు జంతుశాలకు పోయింది. చిన్నోడు ఒళ్ళు చేయలేదు, తెల్లకుక్క ఎత్తుకు ఎదిగి ఆగాడు. దాని పక్కనే పడుకునేవాడు. ఆ కుక్కను వదిలించుకునే మాట ఆ ఇంట్లో మళ్ళీ రాలేదు. అయితే ఉసురు సంగతి పెద్దమ్మ మరవలేదు. నేను వెళ్ళినప్పుడల్లా, "ఇది పాలవల్లనా నాయనా, పాపంవల్లనా?" అని అడిగేది. లోపల చూడకుండా ఒట్టు పెట్టలేనని అనేవాణ్ణి.

రాజుగారి ధోరణి ఆయనది. నా సైకిల్ గంట వినబడితే చాలు, "దా డాక్టరే, మీ సీసాలోకి పోయేది ఇంకా ఊపిరి తీస్తానే ఉండాది" అని కేకేసేవారు.

యుద్ధం మధ్యలో ఒక వానాకాలం చిన్నోడికి దగ్గు పట్టుకుంది. గంజి దారి తప్పి ఊపిరితిత్తుల్లోకి పోయి ఉంటుంది. నాకు తెలిసిన మందులన్నీ వేశాను. ఒక ఉదయం రాజుగారి మనిషి వచ్చి, చిన్నోడు పోయాడన్నాడు. జాడీ కడిగి, మందు నీళ్ళు కలుపుకుని, ఎద్దుబండిలో గడ్డి పరిచి దాని మధ్య నిలబెట్టుకుని వెళ్ళాను. దారిలో నాకు దుఃఖం కలిగిందని రాస్తే బాగుంటుంది. నిజానికి జాడీ ఒరిగిపోతుందేమోనన్న భయమే ఎక్కువగా ఉంది.

పెరట్లో చిన్నోడిని గోనె మీద పడుకోబెట్టారు. తెల్లకుక్క తల దగ్గర కూర్చుని ఉంది. కుక్కల పెద్దాయన కత్తి నూరి సిద్ధంగా ఉన్నాడు.

"మాట మాటే డాక్టరే" అన్నారు రాజుగారు. "అయినా ఇంటి ఆనవాయితీ తప్పినామని రేపు ఎవురూ అనకూడదు. పైన ఉండే నరాలు మీవి, గుండె మాది. అడ్డంగా ఒక కోత పెడితే ఇద్దరికీ సరి."

"ఆ కోత పడేచోటే నాకు కావాల్సింది రాజా."

"రెండు వేళ్ళు కిందికి కోస్తే?" అన్నాడు పెద్దాయన.

"ఎక్కడ కోసినా చెడతాది."

చచ్చినవాడికి అటు వాళ్ళు, ఇటు నేను నిలబడి సంతలో దూడకు బేరమాడినట్టు ఆడుతున్నాం. పెద్దమ్మ వచ్చి మా మధ్య నిలబడింది.

"ఎవురికి పెడతావురా ఆ గుండె?" అని కొడుకునడిగింది.

"మన తెల్లదానికేమ్మా. ఇప్పుడు ముందు పోయే కుక్క అదే కదా."

"పాలిచ్చినదానికా?"

ఆ ఆనవాయితీ ఎంత పాతదైనా, ఈసారి దానివల్ల ఏం జరగబోతోందో అక్కడున్న మగవాళ్ళలో ఒక్కరికీ అంతవరకూ తట్టలేదు. నాకూ తట్టలేదు. పెద్దాయన కత్తిని మెల్లగా మొలలోకి దోపుకున్నాడు.

"నీ కుక్కకూ లేదు, డాక్టర్ సీసాకూ లేదు" అంది పెద్దమ్మ. "తోపులో పూడ్చండి."

రాజుగారు తల వంచుకున్నారు. నేను, "పెద్దమ్మా, నేను ఏమీ తీసుకుపోను" అన్నాను. "ఒక్కసారి చూస్తాను. పాలవల్లనా, పాపంవల్లనా అని అడగతా ఉంటిరే, దానికి జవాబు లోపలే ఉండాది."

ఆమె నన్నూ, బండిలోని జాడీనీ మార్చి మార్చి చూసింది. "చూసి నాకు చూపించు. నాకు తెలీకుండా ఒక్క నరం బయటికి పోకూడదు."

పెద్దాయన పట్టుకున్నాడు, నేను తెరిచాను. ఎన్నో రొమ్ములను ఒక్క వేటుతో చీల్చినవాడు ఆ రోజు నా వేళ్ళు కదిలేదాకా ఊపిరి కూడా మెల్లగా తీశాడు. కొవ్వును, పొరలను కొంచెం కొంచెంగా పక్కకు తీస్తూ వెళ్ళాను. పెద్ద ధమని కనిపించింది.

అది ఎడమకే వంగి ఉంది. ఎలా ఉండాలో అలాగే ఉంది. ఇన్నాళ్ళూ నేను చెప్పింది తప్పు.

తర్వాత తిండిగొట్టాన్ని వెతికాను. రొమ్ము మొదట్లో అది సంచిలా ఉబ్బి ఉంది, దాని కింద నొక్కుకుపోయి ఉంది. నొక్కు వెనక్కి వేలు పోనిస్తే ఒక ధమని తగిలింది. కుడి ముందుకాలికి పోయేది. అది మొదటి కొమ్మ మీద పుట్టాలి. ఇక్కడ అన్నిటికంటే చివర, వంపు దాటిన తర్వాత పుట్టి, వెనక్కి తిరిగి, తిండిగొట్టం వీపు మీదుగా కుడివైపుకు దాటింది. మెడ ధమనులు రెండూ దేనికదే విడిగా ఉన్నాయి. నేను అనుకున్న తాడు వేరు, బిగిసిన తాడు వేరు. ముడి మాత్రం నేను చెప్పిన చోటే ఉంది. ఇది కొంచెం వదులు ముడి. అందుకే వాడు అన్నాళ్ళు బతికాడేమో.

పెద్దమ్మ కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుని పక్కన కూర్చుంది. ఈనెపుల్లతో చూపించాను. "ఇది ఇటు నుంచి పోవాల్సింది పెద్దమ్మా. అటు నుంచి పోయింది. తల్లి కడుపులో ఉండేటప్పుడే ఇట్లా పడింది. కండ్లు తెరవకముందు, ఏ పాలూ తాగకముందు."

"అయితే తెల్లదాని పాల తప్పు లేదు."

"లేదు."

"దాని ఉసురు?"

"ఇది ఇట్లా పడిన దినానికి చిన్నోడు ఈ ఇంటికే రాలేదు కదా."

ఆమె ఆ ధమని మీదికి వంగింది. "మనకు దొరక్కుండా అడివిలోనే ఉండింటే?"

"మాంసం తినే వయసుకే పోయుండేవాడు."

"వాళ్ళమ్మ ఉండింటే కూడానా?"

"ఉన్నా కూడా."

"అవునులే" అంది. "నిలబెట్టి తినిపించేదానికి దానికి చేతులేవి?"

లేచి కొంగు దులుపుకుంది. "చూసినావు కదా నాయనా. ఇంగ ఎట్లా ఉండేది అట్లానే లోపల పెట్టు."

పెట్టాను. పొరలు కప్పి, రొమ్ము కుట్టాను. ఆ కుట్లు బతికిన జంతువుకు వేసినంత జాగ్రత్తగా వేశాను. ఎందుకో అడగకండి. సాయంత్రం తోపులో పూడ్చారు. జాడీ నిండుగా మందు నీళ్ళతో, గడ్డి మధ్య ఊగుతూ వెనక్కి వచ్చింది. ఇంటికి రాగానే చూసినది చూసినట్టు బొమ్మ గీసుకుని గురువుగారికి పంపాను. బొమ్మ బాగుందనీ, కానీ కళ్ళతో చూడందే తరగతిలో చెప్పలేననీ, భాగం ఎందుకు తేలేదనీ రాశారు. ఇంటివాళ్ళు ఇవ్వలేదని బదులు రాశాను. ఆయన మళ్ళీ అడగలేదు.

ఒక విచిత్రం జరిగింది. ఆ తర్వాత ఊళ్ళోకి చిరుత వస్తే కుక్కల పెద్దాయన ముందు నాకు కబురు పంపేవాడు. "మీరు చూసుకోండి సామీ, తర్వాత కోస్తాను" అనేవాడు. చల్లారిన గుండెలు తిని కుక్కలు పిరికివయ్యాయా అని ఒకసారి అడిగాను. "ముందు నుంచే పిరికివి సామీ. ఇప్పుడు వాటికొక సాకు దొరికింది" అన్నాడు. అలా చెడని రొమ్ములు నేను చాలా చూశాను, జాడీ కూడా నిండి మదరాసు వెళ్ళింది. మెడ ధమనుల్లో తేడాలు ఎన్నో కనిపించాయి. తిండిగొట్టం వెనకగా దాటిన ఆ కుడికాలి ధమని మళ్ళీ ఒక్కదానిలోనూ కనిపించలేదు. చిన్న డాక్టర్లకు చెప్పేది ఒక్కటే, అపురూపమైనది దొరికినప్పుడు అది ఒకరి ఇంట్లోది కూడా అయి ఉండవచ్చు.

మరుసటి ఏడు తెల్లకుక్క మళ్ళీ ఈనింది, ఆఖరి ఈత. పిల్లలను చూడటానికి రమ్మన్నారని వెళ్ళాను. కొట్టం నిండా పిల్లలు. ఒక్కదాన్నీ తీసేయలేదు. పాలు చాలక అన్నీ కొంచెం సన్నంగానే ఉన్నాయి, ఒకదాన్నొకటి తొక్కుకుంటూ తల్లి మీద పడుతున్నాయి. పెద్దమ్మ తిన్నె మీద కూర్చుని గంజి కలుపుతోంది.

రాజుగారు నన్ను పక్కకు పిలిచారు. "చూడండి డాక్టరే, ఊర్లో నవ్వతా ఉండారు. ఎన్ని పిల్లల్ని పెట్టుకోవాలో వైద్యంలో ఒక లెక్క ఉంటుంది కదా. మా అమ్మకు మీరైనా చెప్పండి."

పెద్దమ్మ గంజి కలపడం ఆపి నా వైపు చూసింది.

"వైద్యంలో దానికి లెక్క లేదు రాజా" అన్నాను.